ఐడిల్ పెరిగిందని స్క్రూ తిప్పకండి

ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబెట్టిన కారు ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), అంటే ఐడిల్, వెయ్యి దాటితే ఇంజిన్ పాడైనట్టేనట. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోని తలుపు) దగ్గరున్న స్క్రూ తిప్పాలట, లేదా క్లీనర్ స్ప్రే కొట్టాలట, అప్పటికీ తగ్గకపోతే బ్యాటరీ తీసి పెట్టాలట. మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సలహా ఇది. ఇది చదివి స్క్రూ తిప్పేసి రావులపాలెంలో మా షెడ్డుకి వస్తున్నవాళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. పెట్రోల్ కార్ల సంగతే చెబుతున్నా, డీజిల్‌ది వేరే లెక్క.

వెయ్యి దాటడం దానంతటదే జబ్బు కాదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే 1200–1500 దాకా వెళ్లడం మామూలే. ఇంజిన్‌నీ, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నీ త్వరగా వేడెక్కించడానికి ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూనే అలా తిప్పుతుంది. ఏసీ వేసినా కాస్త పెరుగుతుంది. వేడెక్కాక చాలా కార్లలో 650–850 మధ్యకి దిగాలి. అప్పుడూ దిగకపోతేనే చూడాలి.

స్క్రూ మాట కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800కి, అంబాసిడర్‌కి సరిపోతుంది. ఇంజెక్షన్ బళ్లలో ఐడిల్ చూసుకునేది ఈసీయూ. పెడల్ నుంచి థ్రాటిల్‌కి కేబుల్ ఉన్నవాటిలో ఆ స్క్రూ పని థ్రాటిల్ ప్లేటు గోడకి ఇరుక్కోకుండా ఆపడం. ఫ్యాక్టరీలోనే సెట్ చేసి పంపుతారు. కొత్త బళ్లలో చాలావాటికి కేబులే ఉండదు, థ్రాటిల్‌ని మోటారు తిప్పుతుంది.

అసలు తేల్చాల్సింది ఒకటే: ఈసీయూ కావాలని పెంచుతోందా, అడగకుండా గాలి దూరుతోందా? స్కానర్ (ఈసీయూ లెక్కలు చదివే పరికరం) పెట్టి, ఈసీయూ కోరుతున్న ఐడిల్‌ని, ఉన్న ఐడిల్‌ని పక్కపక్కన చూడండి. రెండూ 1300 ఉంటే అదే కోరుతోంది. ఇంజిన్ కాలిపోతున్నా, వేడి కొలిచే కూలెంట్ సెన్సర్ 30 డిగ్రీలే చూపిస్తే, పాపం ఈసీయూ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుంటుంది. నిజంగానే వేడెక్కడం లేదంటే, రేడియేటర్‌కి కూలెంట్‌ని వదిలే థర్మోస్టాట్‌ని అనుమానించండి.

కోరేది 750, ఉన్నది 1300 అయితే గాలిది దొంగదారి. ముందు కేబుల్ బిగుసుకుందేమో, కాళ్లకింది మ్యాట్ పెడల్‌ని నొక్కుతోందేమో చూడండి. అవి కాకపోతే థ్రాటిల్ దాటాక ఎక్కడో లీకుంది. లాకు తలుపులు దించినా కాలవ గట్టుకి గండి పడితే నీళ్లు ఆగవు కదా, అలాగే. బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లు తిరిగి పీల్చుకునేది), మానిఫోల్డ్ (థ్రాటిల్ నుంచి సిలిండర్లకి గాలి పంచే గొట్టం) గాస్కెట్, తెరుచుకుని ఇరుక్కున్న పర్జ్ వాల్వ్ (ట్యాంకు పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది), ఇవీ అనుమానితులు. బండి నిలబెట్టి, మానిఫోల్డ్ దగ్గర పైపుల్ని ఒక్కొక్కటే నొక్కిపట్టి చూడండి. దేన్ని నొక్కితే ఆర్‌పీఎం బాగా పడిపోతుందో లీకు ఆ దారిలోనే. కోతలయ్యాక చేల పక్కన బండి పెట్టేవాళ్లు ఎలుక పంటిగాట్లు కూడా వెతకండి. వేడి ఇంజిన్ మీద స్ప్రే కొట్టి లీకు పట్టుకోవడం మాత్రం వద్దు, అంటుకుంటుంది. స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడడం) చేయించండి.

థ్రాటిల్ క్లీనింగ్ విషయంలో చాలామందికి లెక్క తిరగబడుతుంది. మసికి ప్లేటు పట్టేస్తే తప్ప, మసి వల్ల సాధారణంగా ఐడిల్ పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఈసీయూ ప్లేటుని ఇంకాస్త తెరిచి ఉంచడం నేర్చుకుంటుంది. మసి పోయాక అదే తెరుపులోంచి ఎక్కువ గాలి వెళ్లి ఐడిల్ పెరుగుతుంది. అందుకే క్లీనింగ్ తర్వాత రీలెర్న్ చేయాలి, అంటే ఈసీయూకి ఐడిల్ లెక్క మళ్లీ నేర్పాలి.

ఇక బ్యాటరీ. తీసి పెడితే చిరిగిన పైపు అతుక్కోదు. పైగా పీ0507 (ఐడిల్ ఉండాల్సినదానికన్నా ఎక్కువుందని ఈసీయూ రాసుకునేది) లాంటి కోడూ, అది పడినప్పుడు ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అన్న రికార్డూ చాలా బళ్లలో చెరిగిపోతాయి. తీయాల్సిందే అనుకుంటే ముందు స్కాన్ చేయించి ఫోటో తీసి ఉంచుకోండి.