కళింగ యుద్ధం వంశధార ఒడ్డున జరిగిందా?

"కళింగ యుద్ధం జరిగింది మన శ్రీకాకుళంలోనే. లక్షమంది నెత్తుటితో వంశధార ఎర్రబడింది. దంతపురంలో బుద్ధుడి దంతం దొరికింది. గంగరాజుల కళింగనగరం కళింగపట్నం దగ్గర సముద్రంలో మునిగింది. చరిత్రకారులు ఇవన్నీ దాచారు." నెల రోజులుగా ఈ సందేశం మా బంధువుల ఫోన్లన్నిటిలో తిరుగుతోంది. ఈ జిల్లా మీద నాకున్న ప్రేమ ఎవరికీ తీసిపోదు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

లక్షమంది అన్న మాటకు ఆధారం ఉంది. అశోకుడి 13వ శిలాశాసనం లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ చెబుతుంది. కానీ అందులో యుద్ధభూమి పేరు లేదు, నది పేరు లేదు. కళింగలో అశోకుడి శాసనాలున్న ధౌలి, జౌగడ శిలల మీద అసలు ఈ శాసనమే చెక్కలేదు. మన రాష్ట్రంలో చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లాలి. నెత్తుటితో ఎర్రబడిన నది కథను భువనేశ్వర్ దగ్గర దయా నదికీ చెబుతారు. వంశధార అనడానికి ఏ శాసనమూ సాక్ష్యం చెప్పదు.

దంతపురం సంగతి వేరు. కళింగలో ఆ పేరుతో ఒక నగరం ఉండేదన్నది ఊహ కాదు. తూర్పు గంగరాజు ఇంద్రవర్మ జిర్జింగి రాగిరేకుల శాసనం వెలువడింది అక్కడినుంచే. అది సరుబుజ్జిలి దగ్గరి దంతవరపుకోటేనా, గంజాం జిల్లా పాలూరా అన్నదే వివాదం. పేరు పోలిక దారి చూపుతుంది, రుజువు కాదు. ఇక దంతం కథ మనకు వివరంగా దొరికేది శ్రీలంకలో రాసిన 13వ శతాబ్దపు పాళీ కావ్యం దాఠావంశంలో. కళింగ రాకుమారి హేమమాల ఆ దంతాన్ని జుట్టులో దాచుకుని 4వ శతాబ్దంలో లంకకు తీసుకెళ్లిందని ఆ కథే చెబుతోంది. కథను నమ్మితే దంతం ఇక్కడ దొరకకూడదు. నమ్మకపోతే దంతం మాటే లేదు.

కళింగనగరం కళింగపట్నమేనని ఒకప్పుడు ఫ్లీట్ వంటి పండితుడే అనుకున్నాడు. దాన్ని సరిదిద్దినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, శాసనలిపిని స్వయంగా నేర్చుకున్నారు. ముఖలింగం గుడి శాసనాలు చదివి, అందులోని "నగరం" అన్న పేరునూ, పక్కనే ఉన్న నగరికటకం ఊరి పేరునూ కలిపి చూసి, కళింగనగరం ఇక్కడిదేనని వాదించారు. ఇక్కడ కూడా పేరు పోలిక ఉంది. అయితే దాని వెనుక గోడమీది అక్షరం ఉంది. మొన్న ముఖలింగంలోని మధుకేశ్వరుడి గుడిలో ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. కొన్ని గట్లు ఇంకా పదునుగా తగులుతున్నాయి, కొన్ని అరిగి నునుపైపోయాయి.

దాచారన్న మాటకు వేరే జవాబు అవసరం లేదు. పంతులుగారు చదివిన గోడ ఇప్పటికీ తెరిచే ఉంది. శ్రీకాకుళం నుంచి ఒక్క పూట ప్రయాణం.