కొన్న ధర కాదు, మళ్లీ కట్టే ఖర్చు చూడండి

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు పెట్టే శ్రద్ధ మామూలుది కాదు. తూర్పు ఫేసింగేనా, స్కూలు రేటింగ్ ఎంత, వడ్డీలో పావు శాతమైనా తగ్గుతుందా అని నెలల తరబడి ఆరా తీస్తాం. అదే ఇంటికి ఇన్సూరెన్స్ మాత్రం క్లోజింగ్‌కి (ఇల్లు మన పేరుకి మారే రోజుకి) వారం ముందు, లోను ఇచ్చే లెండర్ అడిగాడు కాబట్టి, ఎవరు చవగ్గా ఇస్తే వాళ్ల దగ్గర తీసేసుకుంటాం. వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎవరి ప్రీమియం తక్కువ?" దానికన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ ఇల్లు రేపు పూర్తిగా కాలిపోతే, ఇలాంటిదే మళ్లీ కట్టడానికి ఎంతవుతుంది?

ఆ అంకె మీరు కొన్న ధర కాదు. ఆన్‌లైన్‌లో కనిపించే మార్కెట్ విలువ కాదు, పన్ను కోసం కౌంటీ వేసిన విలువ కాదు, మిగిలిన లోను అసలే కాదు. ఇంటి ధరలో స్థలం విలువ కలిసి ఉంటుంది. ఇల్లు కాలినా స్థలం ఎక్కడికీ పోదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో 20 లక్షల డాలర్లు పెట్టి కొన్న ఇంట్లో సగానికి పైగా స్థలం ధరే ఉండొచ్చు. క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ పాత పేటల్లో వ్యవహారం తలకిందులు. అక్కడ అమ్మితే వచ్చే డబ్బు కన్నా కట్టడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. లెండర్‌కి తన అప్పు తీరితే చాలు, మీరు మళ్లీ అదే ఇంట్లో ఉంటారా లేదా అన్నది అతనికి పట్టదు.

ఏజెంటు మీ చదరపు అడుగులు, కట్టిన సంవత్సరం కంప్యూటర్‌లో వేసి ఒక అంచనా తీస్తాడు. ఆ అంచనా షీటు అడిగి తీసుకోండి. బిల్డర్ దగ్గర డబ్బు కట్టి చేయించుకున్న అప్‌గ్రేడ్లు, తర్వాత కట్టించిన మీడియా రూమ్, బేస్‌మెంట్, గట్టి చెక్క ఫ్లోరింగ్ అందులో ఉన్నాయో లేదో చూడండి. అన్నిటికీ "స్టాండర్డ్" అని పెట్టేస్తే అంకె తక్కువ వస్తుంది, ప్రీమియం కూడా తక్కువే వస్తుంది, మనం సంతోషపడతాం. మీ ఊళ్లో విడి ఇళ్లు కట్టే ఒకరిద్దరు కాంట్రాక్టర్లను చదరపు అడుగుకి ఎంతో అడగండి. 200 డాలర్లు అన్నారనుకోండి, 3,000 చదరపు అడుగుల ఇంటికి 6 లక్షలు. వందల ఇళ్లు ఒకేసారి కట్టే బిల్డర్‌కి పడే ఖర్చు వేరు, శిథిలాలు తీసేసి ఒక్క ఇల్లు కట్టడానికి అయ్యే ఖర్చు వేరు.

2021 డిసెంబరు 30న కొలరాడోలో, బౌల్డర్ దగ్గరున్న లూయివిల్, సుపీరియర్ ఊళ్లలో ఒక్క రోజులో వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. పాలసీ ఉండి కూడా చాలామందికి డబ్బు చాలలేదు. అందరూ ఒకేసారి కట్టడం మొదలుపెడితే మేస్త్రీ దొరకడు, కలప ధర పెరుగుతుంది. పైగా పాత ఇంటికి లేని కొత్త బిల్డింగ్ కోడ్‌లు కొత్త ఇంటికి వర్తిస్తాయి. అందుకే అసలు కవరేజీ మీద 25 లేదా 50 శాతం అదనంగా ఇచ్చే "ఎక్స్‌టెండెడ్ రీప్లేస్‌మెంట్ కాస్ట్", కోడ్ ఖర్చులకు "ఆర్డినెన్స్ ఆర్ లా" ఉండి తీరాలని నా అభిప్రాయం. ప్రీమియం తగ్గించుకోవడానికి వీటిని తీసేయడం తెలివైన పని కాదు.

ఇల్లు మొత్తం కాలితేనే కదా అనుకోకండి. చాలా పాలసీల్లో 80 శాతం నిబంధన ఉంటుంది: మళ్లీ కట్టే ఖర్చులో కనీసం అంత శాతానికి కవరేజీ ఉండాలి. ఇల్లు కట్టడానికి 5 లక్షలు అవుతుందనుకోండి, మీరు కనీసం 4 లక్షలకు తీసుకోవాలి, 3 లక్షలకే తీసుకున్నారు. వంటగదిలో మంట లేచి 80,000 నష్టం వచ్చింది. మీరు తీసుకోవాల్సిన దానిలో నాలుగింట మూడు వంతులే తీసుకున్నారు కాబట్టి 60,000 ఇచ్చి, అందులోంచి డిడక్టిబుల్ (ప్రతి నష్టంలో మనమే భరించాల్సిన మొత్తం) కోస్తారు. తరుగు తీసేశాక వచ్చే విలువ అంతకన్నా ఎక్కువైతే అది ఇస్తారు, అంతే.

డిడక్టిబుల్ సంగతీ చూసుకోండి. టెక్సాస్‌లో వడగళ్లకు, గాలివానకు అది సాధారణంగా శాతంలో ఉంటుంది. 5 లక్షల కవరేజీకి 2 శాతం అంటే రూఫ్ పోయిన ప్రతిసారీ 10,000 మన జేబులోంచే. "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అని తలుపు తట్టే రూఫర్‌ని నమ్మకండి. అక్కడ 2019 సెప్టెంబరు నుంచి అది చట్టవిరుద్ధం.

ఇక బంగారం. నా దృష్టిలో మన ఇళ్లకున్న అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే. సామాన్లకు 3 లక్షల కవరేజీ ఉందని చూసి నగలు కూడా అందులో ఉన్నాయనుకుంటాం. లోపల "స్పెషల్ లిమిట్స్" అన్న పేజీ తీయండి. నగలు దొంగతనంలో పోతే మామూలు పాలసీ అన్నీ కలిపి ఇచ్చేది 1,500 డాలర్లు. కొన్ని కంపెనీలు ఇంకొంచెం ఇస్తాయి. ఇవాళ్టి ధరలో ఆ డబ్బుకి అమ్మ పెట్టిన కాసులపేరు మాట దేవుడెరుగు, గాజుల జత కూడా రాదు. పూజ గదిలో వెండి కుందులు, పళ్లేలు, చెంబులు దొంగలపాలైతే ఇచ్చేది సాధారణంగా 2,500 దగ్గర ఆగిపోతుంది. అక్షయ తృతీయకి కొన్న లక్ష్మీ కాసులు, బంగారు బిస్కెట్లు నగల కిందకే రావు. వాటిని నగదుతో కలిపి లెక్కేస్తారు, పరిమితి సాధారణంగా 200 డాలర్లు.

మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకీ తెలుసు. 2011 నుంచి 2014 మధ్య జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిచిగన్, టెక్సాస్‌లలో భారతీయుల, ఇతర ఆసియా వాళ్ల ఇళ్లనే ఎంచుకుని దోచిన ముఠా నాయకురాలికి మిచిగన్‌లోని ఫెడరల్ కోర్టు 2019లో 37 ఏళ్ల శిక్ష వేసింది. కాబట్టి తరచూ వేసుకునే నగలకు ఇక్కడి జెమాలజిస్టు చేత విలువ కట్టించి, పాలసీలో ఒక్కో నగనీ దాని విలువతో విడిగా రాయించండి, అంటే "షెడ్యూల్" చేయించండి. ఏడాదికి విలువలో సుమారు 1 నుంచి 2 శాతం పడుతుంది. మిగతావి లాకర్లో పెట్టండి. లాకర్లో ఉన్నవాటికి బ్యాంకు బీమా ఉండదు, అవి కూడా షెడ్యూల్ చేయించాల్సిందే, కాకపోతే ప్రీమియం తగ్గుతుంది. పట్టుచీరలకు ఇలాంటి పరిమితి లేదు, కానీ లెక్క చూపించాలి. బీరువా తలుపులు తీసి, ఒక్కో అర ఫోన్‌లో వీడియో తీసి క్లౌడ్‌లో దాచండి. ఇంట్లోనే చీరల వ్యాపారం చేసే అక్కలు మాత్రం జాగ్రత్త: అమ్మకానికి పెట్టిన సరుకు వ్యాపార సామాను, దానికి సాధారణంగా 2,500 దాటి ఇవ్వరు.

వరద మామూలు పాలసీలో ఉండదు. ఫెడరల్ వరద బీమా ఇంటికి 2,50,000, సామాన్లకు లక్ష దాకా ఇస్తుంది, మామూలుగా అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది, తుఫాను వార్త విన్నాక తీసుకుంటే లాభం లేదు. బేస్‌మెంట్‌కి అందులోనూ కోతలున్నాయి. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లు బయటికి తోడే సంప్ పంప్ ఆగి నీళ్లొస్తే దానికి "వాటర్ బ్యాకప్" విడిగా చేర్పించుకోవాలి. మన వల్ల ఇతరులకు నష్టం జరిగితే ఇచ్చే లయబిలిటీ కవరేజీని లక్ష దగ్గరే వదిలేయకుండా 3 లేదా 5 లక్షలకు పెంచండి. పెరట్లో ట్రాంపొలిన్, కొలను ఉన్నవాళ్లకి దాని మీద అదనంగా 10 లక్షల అంబ్రెల్లా పాలసీ కూడా అవసరమే.

మన సంఘం ఏటా టాక్సుల మీద, వీలునామాల మీద సదస్సులు పెడుతోంది. ఈసారి ఒక శనివారం ఇంటి ఇన్సూరెన్స్‌కి కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పాలసీలు అమ్ముకునేవాళ్లని కాకుండా, క్లెయిములు చూసి నష్టం లెక్కగట్టిన అడ్జస్టర్లను, ఇళ్లు కట్టే కాంట్రాక్టర్లను పిలవాలి. వచ్చేవాళ్లు తమ డిక్లరేషన్ పేజీ (పాలసీలో కవరేజీ అంకెలన్నీ ఉండే మొదటి పేజీ) ప్రింట్ తీసుకుని వస్తే, పక్కన కూర్చుని లెక్క వేసి పెట్టడానికి నేను సిద్ధం.