చలి పైనుంచి కాదు, కిందనుంచి

వేసవి రాత్రుల్లో హ్యామక్‌లో (చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఊయలలో) పడుకోవడానికి మంచి స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటుంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. నేనూ అదే నమ్మి వెళ్లి, తెల్లవారుజామున 3 గంటలకి పళ్లు టకటకలాడుతుంటే లేచి కూర్చున్నాను. ఛాతీ వెచ్చగానే ఉంది, వీపు మాత్రం ఐసుగడ్డ! మన బరువుకి బ్యాగ్ అడుగు అణిగిపోతే అందులో గాలి నిలవదు. గాలి నిలవకపోతే వెచ్చదనమూ ఉండదు. పైగా కింద నేల లేదు, వీచే గాలి ఒంటి వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంది. 20 డిగ్రీలకే వణకడం అందుకే.

దీనికి మందు అండర్‌క్విల్ట్, అంటే హ్యామక్ అడుగున కట్టే బొంత. అది హ్యామక్‌కి బయట, కిందివైపు వేలాడుతుంది కాబట్టి నలగదు. కట్టాక ఒకసారి పడుకుని, వీపు కిందికి ఎవరినైనా చెయ్యి పెట్టి చూడమనండి. సందు ఉంటే చల్లగాలి దూరుతుంది, మరీ బిగిస్తే అణిగిపోతుంది. అంత ఖర్చెందుకనుకుంటే ఫోమ్ మ్యాట్ వాడండి. రాత్రంతా జారుతూనే ఉంటుంది, అదే దానితో గొడవ. రెండు పొరల హ్యామక్ అయితే పొరల మధ్య దూర్చేయొచ్చు. భుజాలు మ్యాట్ దాటి బయటికొస్తాయి, నేనైతే అక్కడ స్వెటర్ మడిచి పెడతాను.

ఇంకోటి, వాగు పక్కన పల్లంలో కట్టకండి. రాత్రిపూట చల్లగాలి అక్కడికే దిగుతుంది. కాస్త ఎత్తుకి జరిగినా తేడా తెలుస్తుంది. వేడినీళ్ల సీసా మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి తొడల మధ్య పెట్టుకోండి. మూత సరిగా బిగించని రాత్రి సంగతి అడక్కండి!