డయాలసిస్ మతిమరుపుకు కొబ్బరినీళ్లు మందా?

"డయాలసిస్‌లో ఒంట్లోని ఖనిజాలన్నీ కొట్టుకుపోతాయి, అందుకే మతిమరుపు. రోజూ కొబ్బరినీళ్లు, రాగిజావ, గుప్పెడు డ్రైఫ్రూట్స్, మామూలు ఉప్పు బదులు సైంధవ లవణం, ఒక మల్టీమినరల్ మాత్ర ఇవ్వండి. మూడు నెలల్లో జ్ఞాపకశక్తి తిరిగొస్తుంది." దండం ఎమోజీలతో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతారు. కానీ అందులో చెప్పినట్టు చేస్తే జ్ఞాపకశక్తి మాట అటుంచి, మనిషే దక్కకపోవచ్చు.

ముందు "ఖనిజాలన్నీ కొట్టుకుపోతాయి" అన్న మాట చూద్దాం. డయాలసిస్ మిషన్‌కు ఉండే ఫిల్టర్‌లో సన్నటి పొరకు ఒకపక్క రక్తం, ఇంకోపక్క డయాలసిస్ ద్రవం పారుతుంటాయి. సోడియం, కాల్షియం, మెగ్నీషియం ఆ ద్రవంలో లెక్క ప్రకారం కలిపే ఉంటాయి కాబట్టి రక్తంలోంచి ఇష్టమొచ్చినట్టు పోవు. పొటాషియం మాత్రం కావాలనే తక్కువ పెడతారు, ఒంట్లో పేరుకున్నది బయటికి రావాలని. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద ఉన్నా అది 12 గంటలే. మిగతా 156 గంటలూ పొటాషియం, ఫాస్ఫరస్ లోపల చేరుతూనే ఉంటాయి. మన దగ్గర రెండుసార్లతోనే సరిపెట్టుకునేవాళ్లూ చాలామంది.

మెసేజ్‌లో ఆవగింజంత నిజం లేకపోలేదు. నీళ్లలో కరిగే బి, సి విటమిన్లు డయాలసిస్‌లో పోతాయి. జింక్ చాలామందిలో తక్కువగానే ఉంటుంది. బి1 బాగా పడిపోతే మనిషి తికమకపడతాడు, నడకలో తూలతాడు. అందుకే డాక్టర్లు కిడ్నీ పేషెంట్ల కోసమే తయారైన విటమిన్ మాత్ర రాస్తారు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మల్టీమినరల్ వేరు. అందులో ఉండే మెగ్నీషియం, విటమిన్ ఎ లాంటివి వీళ్ల ఒంట్లో పేరుకుపోతాయి.

ఇక కొబ్బరినీళ్లు. 100 మిల్లీలీటర్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అంటే ఒక బొండానికి అర గ్రాము, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. డయాలసిస్ పేషెంట్‌కు రోజు మొత్తానికి చెప్పేది రెండు మూడు గ్రాములు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందస్తు సూచన కూడా ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగులు ఎక్కువ, చుట్టూ ఉన్నవేమో కొబ్బరి, జీడి తోటలు. అలాంటి చోటికి ఈ మెసేజ్ వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. రాగులు, జీడిపప్పు, బాదం విషం కాదు, కానీ వాటిలో ఫాస్ఫరస్, పొటాషియం రెండూ ఉన్నాయి. ఎంత తినొచ్చో రక్తపరీక్ష రిపోర్టు చూసి డైటీషియన్ చెప్పాలి.

సైంధవ లవణం కూడా నూటికి 97 పాళ్ల దాకా సోడియం క్లోరైడే, అంటే మామూలు ఉప్పే. "లో సోడియం" ఉప్పయితే ఇంకా ప్రమాదం, అందులో కలిపేది పొటాషియం క్లోరైడ్.

మరి ఖనిజాలకూ మెదడుకూ సంబంధమే లేదా? ఉంది, ఈ మెసేజ్‌కు సరిగ్గా తలకిందులుగా. 1970ల్లో అమెరికాలోని డెన్వర్‌లో ఆల్ఫ్రే అనే కిడ్నీ డాక్టర్ బృందం డయాలసిస్ పేషెంట్లలో ఒక వింత జబ్బును గమనించింది. మొదట మాట తడబడేది, తర్వాత కండరాలు ఎగిరిపడేవి, ఫిట్స్, మతిమరుపు, కొన్ని నెలల్లో మరణం. చనిపోయినవాళ్ల మెదడులో అల్యూమినియం బాగా ఎక్కువగా ఉందని 1976లో వాళ్లు ప్రకటించారు. కొంత ఫాస్ఫరస్ తగ్గడానికి ఇచ్చిన అల్యూమినియం మందుల నుంచి, కొంత నీళ్ల నుంచి వచ్చింది. ఒక్క సిట్టింగ్‌లో రక్తానికి ఎదురుగా దాదాపు 120 లీటర్ల నీళ్లు పారతాయి. ఆ నీళ్లను పటికతో తేర్చి ఉంటే? పటికలో ఉండేది అల్యూమినియమే. సెంటర్లలో ఆర్‌ఓ ప్లాంట్లు పెట్టి, ఆ మందులు తగ్గించాకే ఈ జబ్బు అరుదైపోయింది. గ్యాస్‌కని తాగే యాంటాసిడ్ సిరప్‌లలో ఇప్పటికీ అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. సీసా మీద చదివి, డాక్టర్‌ను అడక్కుండా తాగించొద్దు.

"మూడు నెలల్లో తిరిగొస్తుంది" అన్నదానికి ఆధారం లేదు. విటమిన్ల సంగతి తీసుకున్నా, అమెరికాలోని వెటరన్స్ (మాజీ సైనికుల) ఆస్పత్రుల్లో కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు, డయాలసిస్ పేషెంట్లకు ఫోలిక్ యాసిడ్, బి6, బి12 భారీ మోతాదులో ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా రాలేదు.

మతిమరుపు మాత్రం నిజమైన సమస్యే. 2006లో వచ్చిన, అమెరికాలోని మినియాపొలిస్‌లో చేసిన అధ్యయనంలో 55 ఏళ్లు దాటిన 338 మంది డయాలసిస్ పేషెంట్లను పరీక్షిస్తే, మెదడు పనితీరు మామూలుగా ఉన్నది 13 శాతం మందిలోనే. కారణాలు ఎక్కువగా షుగర్, బీపీ, తెలియకుండా వచ్చే చిన్న చిన్న స్ట్రోకులు. రక్తహీనత, నిద్రలేమి, డిప్రెషన్ కూడా తోడవుతాయి. రెండు సిట్టింగుల మధ్య నీళ్లు ఎక్కువ తాగితే మిషన్ ఒక్కసారిగా లాగాల్సి వస్తుంది, బీపీ పడిపోతుంది, మెదడుకు రక్తం తగ్గుతుంది. ఉప్పు తగ్గించమని పదేపదే చెప్పేది అందుకే, దాహం తగ్గుతుందని. నరాల మంటకు వాడే గాబాపెంటిన్, ప్రిగాబలిన్ మోతాదు మించితే మనిషి మగతగా, అయోమయంగా అయిపోతాడు. అది మతిమరుపులా కనిపిస్తుంది.

కాబట్టి ఈసారి డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, చూర్ణాలు, సిరప్‌లతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లి నెఫ్రాలజిస్ట్‌కు (కిడ్నీ డాక్టర్‌కు) చూపించండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంటే మాత్రం తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకూడదు. షుగర్ పడిపోవడం, ఇన్‌ఫెక్షన్, తలలో రక్తస్రావం, ఏదైనా కావచ్చు. స్టార్ ఫ్రూట్ తిన్నా కిడ్నీ పేషెంట్లకు అలా అవుతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.