సవరణ: కమతాల ఏకీకరణ గురించి

మొన్న కమతాల ఏకీకరణ (అంటే ఒక రైతుకి ఊళ్లో వేర్వేరు చోట్ల ఉన్న భూమి ముక్కల్ని ఒకేచోటికి చేర్చడం) మీద పెట్టిన పోస్టులో పంజాబ్, యూపీల్లోనే దీనికి చట్టం ఉంది, మన దగ్గర అసలు చట్టమే రాలేదు అని రాశాను, అది తప్పు. తెలంగాణ ప్రాంతానికి హైదరాబాద్ రాష్ట్రం ఉన్నప్పుడే, 1956లోనే, భూములు ముక్కలవకుండా ఆపడానికీ కమతాల్ని ఏకం చేయడానికీ చట్టం చేశారు. పాత రెవెన్యూ చట్టాల పుస్తకాల్లో ఉంది, నేనే చూడకుండా రాసేశాను. పంజాబ్ చట్టం 1948ది, యూపీది 1953ది, ఆ రెండూ పోస్టులో సరిగ్గానే రాశాను. తేడా ఏంటంటే అక్కడ ఊళ్లకి ఊళ్లే కొలిచి భూముల్ని ఒకచోటికి మార్చారు, ఇక్కడ మాత్రం చట్టం కాగితం దాటి పెద్దగా కదల్లేదు.

ఇంకోటి, కామెంట్లలో చాలామంది "అంటే గవర్నమెంట్ మా భూమి లాక్కుంటదా" అని అడిగారు, కాదండీ, నేను సరిగ్గా చెప్పలేదు. ఊళ్లో నాలుగు చోట్ల ఉన్న మీ ముక్కల్ని లెక్కగట్టి, వాటి విలువకి సరిపడా భూమి ఒకేచోట ఇస్తారు, పట్టా మీదే, మధ్యలో బాటకీ కాలువకీ అందరి దగ్గరా కాస్త కాస్త తీస్తారు. వినడానికి బానే ఉంటది గానీ చెరువు కింద అరెకరం తరీ (నీటి పారుదల ఉన్న భూమి), గుట్ట పక్కన ఎకరం చెలకా (వాన మీద ఆధారపడే మెట్ట భూమి) ఉన్నోడికి ఏది దేనికి సమానమని తేలుస్తారు, పైగా అప్పు చేసి బోరేస్తే నీళ్లు పడ్డ ముక్కని ఎవడు వదులుకుంటాడు చెప్పండి. మన దగ్గర పని ఆగింది అక్కడేనని నా అంచనా.

పాత పోస్టులో ఆ లైను మార్చేశా, షేర్ చేసినవాళ్లు ఇదీ పెట్టండి.