సవరణ: ఇష్ చనిపోలేదు

2013లో వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ వీడియో గేమ్ గురించి మొన్న రాస్తూ, అందులో మురుగు సొరంగాల్లో కొందరితో కలిసి తలదాచుకున్న ఇష్ అనే వ్యక్తి అక్కడే పిల్లలతో పాటు చనిపోయాడన్నాను. అది తప్పు. విజయనగరం గంటస్తంభం దగ్గర మాతో ఆడే తమ్ముడొకడు చెప్పాక, ఆ భాగం మళ్లీ ఆడి చూశాను.

గోడల మీద పిల్లలు గీసిన బొమ్మలు. ఓ గదిలో గుడ్డ కప్పిన చిన్న శరీరాలు, నేల మీద ‘వాళ్లు బాధపడలేదు’ అన్న రాత. నేను ఇష్‌దనుకున్న ఆ రాత, పిల్లలతో లోపల చిక్కుకుపోయిన అతని సహచరుడు కైల్‌ది. పైకి వచ్చాక శివారు ఇళ్లలో దొరికే కాగితంలో, అక్కడే తనతో ఉన్న సుసాన్ అనే ఆమెతో కలిసి తప్పించుకున్నానని ఇష్ స్వయంగా చెబుతాడు. ఆట మొత్తంలో అతను మనిషిగా ఒక్కసారీ కనిపించడు. ఉన్నవి ఆ కాగితాలూ, ఆ గదులూ మాత్రమే. ఆ చివరి కాగితం చదవకుండానే తీర్పు రాసేశాను.