బూడిద రంగులో పోసిన పన్నీరు

ఎఫ్-35 యుద్ధవిమానం ఏ రంగులో ఉంటుందని అడిగితే మామూలు మనిషి ‘బూడిద రంగు’ అనేసి టీ తాగడానికి వెళ్లిపోతాడు. దేశం ఎందుకు బాగుపడటం లేదో నాకు సరిగ్గా అప్పుడే అర్థమవుతుంది. ఏ బూడిద? కట్టెలపొయ్యి బూడిదా, పిడకల కచ్చికా, అగరొత్తి నుసా, విభూతా?

మూడు నెలలుగా నేను ఈ ఒక్క ప్రశ్నతోనే బతుకుతున్నాను. నా దగ్గరున్నది ముక్కలు అతికించి ఆ విమానం బొమ్మ చేసుకునే ప్లాస్టిక్ కిట్టు, 1/48 స్కేలు, అంటే అసలుదాంట్లో 48వ వంతు. అసలు విమానం పొడవు 15.7 మీటర్లు, నాది దాదాపు 33 సెంటీమీటర్లు. ముక్కలు అతికించడం రెండు వారాల్లో అయిపోయింది. కాక్‌పిట్‌లో పైలట్ కూడా హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాడు. ఇక రంగే తరువాయి. కిట్టు ప్లాస్టిక్కే బూడిద రంగులో ఉంది కదా, మళ్లీ రంగెందుకని మా ఆవిడ అడిగింది. అలాంటి ప్రశ్నలకు నేను జవాబు చెప్పను.

విషయం తెలియనివాళ్ల కోసం కాస్త వివరిస్తాను. మనకి ఆధార్ ఎలాగో, అమెరికాలో రంగులకి అలాంటి నంబర్లున్నాయి. 1956లో మొదలైన ఆ పద్ధతి పేరు ఫెడరల్ స్టాండర్డ్ 595. ఒక్కో రంగుకీ ఐదంకెలు. మొదటి అంకె మెరుపు సంగతి చెబుతుంది: 1 అయితే నిగనిగ, 2 అయితే ఓ మోస్తరు, 3 అయితే మెరుపే లేదు. రెండో అంకె కులగోత్రం, 6 అంటే బూడిద వంశం. మిగతా మూడూ ముదురు నుంచి లేతకి వెళ్లే వరసలో ఎక్కడ నిలబడాలో చెబుతాయి. 2017లో ఈ పెత్తనం వేరే సంస్థ చేతికి వెళ్లింది గానీ అంకెలు మారలేదు. మా ఎఫ్-35 నంబరు 36170. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా పెళ్లిరోజు విషయంలో ఆ హామీ ఇవ్వలేను.

నంబరు తెలిశాక ఇబ్బందేముంటుందని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని మూడు కంపెనీల సీసాలు తెప్పించాను. మూడింటి మీదా 36170 అనే ఉంది. ఒకటి నీలం వైపు మొగ్గింది, ఒకటి కాఫీ డికాక్షన్ వైపు, మూడోది ఎందుకో ఆకుపచ్చ వైపు. మా శాఖలో ఏ రంగునైనా ముందు ప్లాస్టిక్ చెంచా వీపు మీద కొట్టి చూడటం ఆచారం. మొన్నటికి మా కిటికీ గట్టు మీద ఇరవై ఏడు చెంచాలు తేలాయి. ఇంటికొచ్చిన పిన్నిగారు వాటిలో ఒకటి తీసుకుని పెరుగన్నం తినబోతే అందరం అరిచాం. ఆవిడ భయపడింది పెయింటు తింటానేమోనని, నేను భయపడింది అది పదకొండో నంబరు చెంచా అని.

దీనికి తోడు ఆ విమానం పెయింటులో లోహపు ఛాయ ఒకటుంది. నంబరేమో మెరుపు లేదంటుంది, విమానమేమో ఎండ పడగానే తళుక్కుమంటుంది. పొద్దున ఉక్కు, మధ్యాహ్నం పావురాయి మెడ, సాయంత్రం రాగి చెంబు. డబుల్ షేడ్ పట్టుచీర కట్టుకున్నట్టే. దాన్ని ఒక్క సీసాతో పట్టుకోవాలనుకోవడం ఎంత సాహసమో ప్రభుత్వాలు గుర్తించాలి.

ఇక మాలో మాకున్న మతభేదాలు. మొదటివాళ్లు నంబరువాదులు. సీసాలో ఏముంటే అదే కొట్టాలి, ఒక్క చుక్క కలిపినా అపచారం. రెండోవాళ్లు ‘దూరపు కొండలు నునుపు’ సిద్ధాంతులు. 1/48 బొమ్మని అడుగు దూరం నుంచి చూడటమంటే అసలు విమానాన్ని 48 అడుగుల అవతల నుంచి చూడటమేనని, మధ్యలో ఉన్న గాలికి రంగు కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది కాబట్టి సీసాలో తెలుపు కలపాలని వీళ్ల వాదన. ఎన్ని చుక్కలు కలపాలన్న దగ్గర వీళ్లలో వీళ్లకి పడదు. అద్వైతం, విశిష్టాద్వైతం ఇంతకంటే మర్యాదగా వాదించుకున్నాయి.

ఇంతా చేస్తే ఎఫ్-35 లాంటి స్టెల్త్ విమానం కనబడకూడనిది రాడార్‌కి. రాడార్‌కి వచ్చే నీలమూ తెలీదు, పోయే ఆకుపచ్చా తెలీదు. ఆ పట్టింపంతా మనదే. మా పూర్వీకులైతే అసలు విమానం చూడకుండానే బొమ్మ చేశారు. 1986లో టెస్టర్స్ అనే అమెరికా కంపెనీ ‘ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్’ అని కిట్టు వదిలితే జనం ఎగబడి కొన్నారు. ఇంత రహస్యం బజార్లోకి ఎలా వచ్చిందని అమెరికా కాంగ్రెస్‌లో కూడా దాని మీద రగడ జరిగింది. తీరా 1988 నవంబరులో వాయుసేన అసలు విమానం ఫొటో బయటపెట్టింది. పేరు 117, ఒంటినిండా పలకలు పలకలుగా కోణాలు. బొమ్మేమో నున్నగా, గుండ్రంగా ఉంది. పేరు తప్పు, ఆకారం తప్పు. పైగా 1981లో మొదటిసారి ఎగిరినప్పుడు ఆ 117కి ఎడారి రంగులు పూసి ఉన్నాయి, నలుపు తర్వాత వచ్చింది. అయినా ఆ తరం హాయిగా నిద్రపోయింది. మాకా అదృష్టం లేదు.

ఎందుకంటే మాకు తిరువనంతపురం దొరికింది. 2025 జూన్ 14న బ్రిటిష్ నౌకాదళం ఎఫ్-35బీ ఒకటి అక్కడ దిగి, మరమ్మతుకొచ్చి, జూలై 22 దాకా కదల్లేదు. అందులో మొదటి మూడు వారాలు ఆరుబయటే, కేరళ వానలో. ఎవరికీ కనబడకూడదని కోట్లు పోసి చేసిన విమానం తడిసిన గేదెలా నిలబడి దేశమంతటికీ ఫొటోలిచ్చింది. జనం జోకులు వేసుకున్నారు. నేను మాత్రం నూటనలభై ఫొటోలు దాచుకున్నాను. తడిసినప్పటివి ముదురు, ఆరినప్పటివి లేత, మబ్బు పట్టినప్పటివి మరో రకం. నూటనలభైలో రెండు కలిస్తే ఒట్టు.

ఆ పరిస్థితిలో మా ఆవిడ జాకెట్టు గుడ్డ కోసం బెజవాడ బీసెంట్ రోడ్డు దగ్గర మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తుంటే సంచీ మోయడానికి వెంట వెళ్లాను. కౌంటర్ వెనక పెద్దాయన ఆవిడ చీర అంచు ఒక్క క్షణం చూసి, గోడ నిండా ఉన్న రూబియా తానుల్లోంచి ఒకటి లాగి, గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో పట్టుకున్నాడు. కలిసిపోయింది. ఉల్లిపొర రంగుకీ లేత గులాబీకీ తేడా చూపులోనే తేల్చేసే మనిషి. నేను ఇన్నాళ్లూ వెతికిన గురువు ఈయనే అనిపించింది.

మర్నాడు చెంచాలన్నీ ఓ కవర్లో వేసుకుని, ఫోనులో తిరువనంతపురం తెరిచి వెళ్లాను. మా ఆవిడ కూడా ఫాల్ కొనాలని వచ్చింది. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. “ట్యూబ్‌లైట్ కింద ఏదీ నమ్మకూడదండీ” అని కవరు పట్టుకుని గుమ్మంలోకి నడిచాడు. ఒక్కో చెంచా ఎండలో తిప్పి చూశాడు, పక్కన పెట్టాడు. ఇరవై ఏడూ అయ్యాయి. కవరు అడుగున చెయ్యి పెట్టి చివరికి ఓ ముక్క తీశాడు.

“ఇదండీ. కరెక్ట్ మ్యాచింగ్.”

కిట్టులో మిగిలిపోయిన ఉత్త ప్లాస్టిక్ ముక్క అది. పొరపాటున కవర్లో పడింది. దాని మీద ఏ రంగూ వేయలేదు.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఫాల్ నా చేతిలో పెట్టి డబ్బులిమ్మంది.

ఆ షాపుది తూర్పు గుమ్మం. పదకొండు గంటల ఎండ ఏటవాలుగా పడుతుంది, నీలం తప్పకుండా చచ్చిపోతుంది. బెజవాడలో పడమటి గుమ్మం ఉన్న మ్యాచింగ్ సెంటర్ ఎక్కడుందో తెలిసినవాళ్లు దయచేసి చెప్పగలరు.